జబ్బు గురించి మాట్లాడని అమ్మ చేతికి రంగులు ఇవ్వొచ్చా?

మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి, మీరు అడిగిందాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను. మీ అమ్మగారికి 54 ఏళ్లు, ఉండేది తెనాలి. పోయినేడాది ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాయి. ఇప్పుడు మూణ్ణెల్లకోసారి చెకప్. రిపోర్టులు బాగానే ఉన్నాయి గానీ ఆవిడ మాట తగ్గించేశారు. జబ్బు పేరు ఆవిడకి తెలుసు, అయినా ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తరు. చుట్టాలకి ‘చిన్న గడ్డ తీశారు’ అని చెప్పారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మీరు ఆర్ట్ థెరపీ (బొమ్మలు, రంగుల సాయంతో మనసుకి ఊరట ఇచ్చే పద్ధతి) గురించి ఎక్కడో చదివి రంగులు కొనుక్కెళ్తే, ‘నాకు బొమ్మలు రావే’ అని పక్కన పెట్టేశారు. నాన్నగారేమో ‘మర్చిపోనివ్వండి, మళ్లీ గుర్తు చేయకండి’ అంటున్నారు. ఇది నిజంగా పనిచేస్తుందా, ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి, పాత గాయం రేగదు కదా, హైదరాబాద్‌లో వర్క్‌షాప్‌కి అంత ఫీజు కట్టొచ్చా అని అడిగారు.

నేను క్యాన్సర్ పేషెంట్లతో చాలా ఏళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. బొమ్మ, రాత, పాట, కుట్టు, ఎవరికి ఏది చేతనైతే అది వాడతాను. కింద చెప్పే పేషెంట్ల సంగతుల్లో వాళ్లని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నాన్నగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే ముందు తేలాల్సింది అదే. ఆయన ప్రేమతోనే అంటున్నారు, నాకు తెలుసు. కానీ మీ అమ్మగారు మర్చిపోయే వీలు ఎక్కడుంది? జాకెట్టు వేసుకునేటప్పుడు గుర్తొస్తుంది, తల దువ్వుకుంటుంటే గుర్తొస్తుంది, పై అరలో డబ్బా అందుకోబోతే చంక లాగి గుర్తొస్తుంది. హార్మోన్ మాత్ర రాసి ఉంటే, అది కనీసం ఐదేళ్లు రోజూ వేసుకోవాలి. మీరు గుర్తు చేస్తే గుర్తొచ్చే విషయం కాదిది. ఆవిడకి లేనిదల్లా దాన్ని దించుకునే చోటు. మీరు బాధపడతారని ఆవిడ మాట్లాడరు, ఆవిడ బాధపడుతుందని మీరు మాట్లాడరు. ఇల్లంతా ఒకరినొకరు కాపాడుకుంటూ ఎవరి గదిలో వాళ్లు ఉండిపోతారు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలావరకు ఇదే తంతు.

అలాంటి ఇంట్లో ‘కూర్చో అమ్మా, మనసు విప్పి మాట్లాడు’ అంటే ఎవరూ మాట్లాడరు. చేతికి పని ఉంటే మాత్రం కొంచెం తేలిక. కళ్లు కాగితం మీద ఉంటాయి, ఎవరి మొహమూ చూడక్కర్లేదు, మధ్యలో ఆపేసినా ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు. కళల వల్ల వచ్చే మొదటి లాభం ఇంత మామూలుది.

పనిచేస్తుందా అంటే, దేనికి పనిచేస్తుందో ముందు విడదీసి చెప్పాలి. గడ్డని తగ్గించదు, జబ్బు తిరగబెట్టకుండా ఆపదు. అలా చెప్పేవాళ్లుంటే వాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి. ఆందోళన, నిద్ర, నొప్పిని తట్టుకోవడం, అలసట, ఒంటరితనం, వీటి మీద మాత్రం కొంత ప్రభావం ఉంటుంది. ‘ఆర్ట్ థెరపీ’ అన్న మాట కూడా ఒక పేషెంట్ మంచం మీద నుంచే వచ్చింది. 1938లో ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు టీబీతో మిడ్‌హర్స్ట్ శానటోరియంలో చేరాడు. పడుకున్నచోటే చుట్టూ కనిపించే వస్తువుల్ని గీసుకుంటూ గడిపాడు. తర్వాత అక్కడి రోగుల చేతా, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల చేతా వేయించాడు. ఆ పేరు ఆయన 1942లో పెట్టాడు.

రాత మీద పరిశోధన ఇంకా ఎక్కువ జరిగింది. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు 1986లో కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమను బాగా కుదిపేసిన సంఘటన గురించి రాయించారు. జరిగిందీ, దాంతోపాటు మనసులో కలిగిందీ రెండూ రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. 1999లో ఆస్తమా, కీళ్లవాతం ఉన్న 112 మంది మీద ఇలాంటిదే చేస్తే, రాసినవాళ్లకి నాలుగు నెలల తర్వాత కూడా జబ్బు కొంత నయంగా ఉన్నట్టు తేలింది. అయితే 2006లో 146 అధ్యయనాల్ని కలిపి చూసినప్పుడు బయటపడింది ఏమిటంటే, మొత్తం మీద లాభం నిజమే గానీ చిన్నది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కళలు, ఆరోగ్యం మీద వచ్చిన వేల పరిశోధనల్ని సమీక్షించి ఒక పెద్ద నివేదిక వేసింది. లాభం నిజమే గానీ చిన్నదని నా అనుభవమూ చెప్తుంది. కొందరికి చాలా మేలు చేస్తుంది, ఎక్కువమందికి కొంచెం, కొందరికి ఏమీ చేయదు. నష్టం తక్కువ, ఖర్చు దాదాపు లేదు కాబట్టి ప్రయత్నించడం సబబే.

ఇప్పుడు ‘నాకు బొమ్మలు రావే’ అన్న మాట. మీరు తీసుకెళ్లింది వాటర్ కలర్ డబ్బా, బ్రష్షులు, తెల్ల కాగితాలు అని రాశారు. అవి చూడగానే ఆవిడకి స్కూలు డ్రాయింగ్ క్లాసు గుర్తొచ్చి ఉంటుంది. పెళ్లయ్యాక ఎప్పుడూ పట్టుకోని వస్తువుల్ని జబ్బు చేశాక కొత్తగా పట్టుకోమంటే ఎవరికైనా మొహమాటమే. ఆవిడ చేతులకి ఇప్పటికే ఏం వచ్చో చూడండి. తెనాలి ఇల్లాలు, ధనుర్మాసం ముగ్గుల నోట్‌బుక్ ఒకటి బీరువాలోనో అటక మీదో ఉండే ఉంటుంది. రామకోటి రాస్తారేమో. ఎంబ్రాయిడరీ, క్రోషా, పాత చీరలతో బొంతలు కుట్టడం, మంగళహారతులు పాడటం, ఇవన్నీ కళలే. వాటిని కళ అని ఎవరూ అనకపోవడం మన పనికి ఇంకా మంచిది. పరీక్ష పెట్టినట్టు ఉండదు.

ముగ్గు సంగతి కొంచెం వివరంగా చెప్తాను. ఒకావిడ, కీమో మూడో విడత నడుస్తోంది, వార్డులో ఎవరితోనూ మాట్లాడేది కాదు. గళ్ల నోట్‌బుక్, పెన్ను ఇచ్చి ‘మీకొచ్చిన ముగ్గు ఏదైనా వేసిపెట్టండి, నాకు కావాలి’ అన్నాను. 11 చుక్కలు, సందు చుక్క 6 వరకు పెట్టారు. మెలికల ముగ్గు. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కదపకుండా రెండో చేత్తో నెమ్మదిగా వేశారు. మెలికల ముగ్గులో గీత ప్రతి చుక్కనీ చుట్టి రావాలి కదా, ఆవిడ వేసినదాంట్లో గీత ఒక్క చుక్కని మాత్రం తప్పించుకుని పక్కనుంచి వెళ్లిపోయింది. పొరపాటున వదిలేశారేమో అనుకుని నేనేమీ అనలేదు. వారం తర్వాత ఇంకో ముగ్గు, మళ్లీ ఒక చుక్క బయటే. నాలుగో ముగ్గు వేస్తూ తనే అన్నారు: ‘దీన్ని కలిపితే ముగ్గు అయిపోద్దమ్మా. అయిపోతే ఇంకేం పని ఉండదు, మళ్లీ దాని గురించే ఆలోచించాలి.’ అక్కడి నుంచి ఆవిడ మాట్లాడటం మొదలైంది. మొదటిరోజే నేను ‘ఆ చుక్క ఎందుకు వదిలేశారు?’ అని అడిగి ఉంటే ‘అయ్యో, చూసుకోలేదమ్మా’ అని కలిపేసేవారు.

అందుకే మీకు చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట ఇది. అమ్మగారు ఏది వేసినా, రాసినా, కుట్టినా అది ఆవిడ సొత్తు. అర్థం అడగొద్దు. మీరు అర్థం చెప్పనూ వద్దు. ‘నల్లరంగు ఎందుకేశావమ్మా, మంచి రంగులెయ్యి’ అనొద్దు. ‘అబ్బ ఎంత బాగుందో’ అని కూడా అతిగా మెచ్చుకోవద్దు. మెచ్చుకుంటే రేపటి నుంచి మీకు నచ్చేవే వేస్తారు. ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టడం, ఫ్యామిలీ గ్రూపులో పంపడం బొత్తిగా కుదరదు, ఆవిడే పెట్టమంటే తప్ప. చింపి పారేస్తే పారేయనివ్వండి. ఏదైనా అనాలనిపిస్తే ‘ఇది వేస్తుంటే ఎలా అనిపించింది?’ అని అడగండి, అదీ ఆవిడ మీ వైపు చూసినప్పుడు.

సొత్తు అని ఊరికే అనలేదు. జబ్బు వచ్చాక మనిషి ఒళ్లు తనది కాకుండా పోతుంది. ఎవరెవరో వస్తారు, గౌను తీయమంటారు, నొక్కి చూస్తారు, ఫైల్లో ఏదో రాసుకుని వెళ్లిపోతారు. జో స్పెన్స్ అనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్‌కి 1982లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆస్పత్రి మంచం మీద చదువుకుంటూ ఉండగా ఒక కుర్ర డాక్టరు విద్యార్థుల్ని వెంటేసుకుని వచ్చాడు. తనెవరో కూడా చెప్పకుండా వంగి, ఎడమ రొమ్ము పైన సిరాతో ఇంటూ మార్కు పెట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆ సంగతి తర్వాత రాసుకుంది. ఆపరేషన్‌కి ముందు తన రొమ్ము మీద ‘జో స్పెన్స్ సొత్తా?’ అని రాసుకుని ఫొటో తీయించుకుంది. చివర ఆ ప్రశ్న గుర్తు ఉంది చూడండి, నాకు ఆ ఫొటోలో అన్నిటికన్నా గట్టిగా తగిలేది అదే. మమోగ్రామ్ తీయించుకోవడాన్నీ ఫొటోల్లోకి ఎక్కించింది. తర్వాత వైద్యం విషయంలో ఆవిడ ఎంచుకున్న దారులన్నిటినీ నేను సమర్థించను. కానీ అందరూ తన శరీరాన్ని చూస్తుంటే, తనూ తిరిగి చూడటం అనే పని కెమెరాతో చేసింది. మీ అమ్మగారు నోట్‌బుక్‌తో చేసేదీ అదే పని, చిన్నగా.

నోట్‌బుక్ అంటే గుర్తొచ్చింది. రామకోటి రాసే ఒక పెద్దావిడ పుస్తకాన్ని వెనక వైపు నుంచి తిరగేసి, చివరి పేజీల్లో తన ఆస్పత్రి రోజులన్నీ రాసుకున్నారు. ముందు నుంచి శ్రీరామ, వెనక నుంచి సూదులు, వాంతులు, కోడలి మీద కోపం, ఆటోవాడితో బేరం. రామకోటి రాస్తున్న మనిషిని ఇంట్లో ఎవరూ కదిలించరు, ఆ పుస్తకం ఎవరూ తెరిచి చూడరు. అంతకంటే భద్రమైన డైరీ మన ఇళ్లలో ఎక్కడ దొరుకుతుంది? ఈ ఉపాయం నేను చెప్పింది కాదు, ఆవిడే కనిపెట్టుకున్నారు. అప్పటి నుంచి చాలామందికి చెప్పాను.

రాయడం ఇష్టమైతే పద్ధతి తేలికే. 15, 20 నిమిషాలు, మూడు నాలుగు రోజులు, ఆపకుండా. అక్షరదోషాలు పట్టించుకోవద్దు, ఎవరికీ చూపించక్కర్లేదు. రాయడం ఓపిక లేకపోతే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఉంది. పాడే అలవాటున్నవాళ్లు తెలిసిన బాణీలో సొంత మాటలు కడతారు, బతుకమ్మ ఆడే ఊళ్లలో ఆడవాళ్లు అప్పటికప్పుడు కొత్త చరణాలు కట్టినట్టే. మీ వైపు హారతి బాణీలు ఉన్నాయి, దంపుళ్ల పాటల బాణీలు ఉన్నాయి. సంగీతం విన్నా, పాడినా క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఆందోళన తగ్గొచ్చని, నొప్పి, అలసట కూడా కొంత తగ్గొచ్చని 2021లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్ష కూడా చెప్పింది. మీ అమ్మగారికి గొంతు ఉంటే ఇది అన్నిటికన్నా తేలిక దారి.

ఇవి కుదురుకున్నాక, ఒకటి రెండు నెలలు పోయాక, ఆవిడకి ఇష్టమైతే శరీర చిత్రం వేయొచ్చు. నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. ఇది దక్షిణాఫ్రికాలో పుట్టింది. కేప్‌టౌన్ పక్కన ఖాయెలిట్షా అనే పేదల బస్తీలో 2001లో ఎం.ఎస్.ఎఫ్. (సరిహద్దులు లేని డాక్టర్లు) అనే స్వచ్ఛంద సంస్థ డాక్టర్లు హెచ్ఐవీ మందులు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అప్పటికింకా ఆ మందులు ఇవ్వడం లేదు, జబ్బు పేరు చెప్తే వీధిలో తలెత్తుకోలేని పరిస్థితి. 2002లో బంబనాని అనే ఆడవాళ్ల బృందం జేన్ సాలమన్ అనే చిత్రకారిణితో, జోనథన్ మోర్గాన్ అనే సైకాలజిస్టుతో కలిసి తమ శరీరాల్ని నిలువెత్తు కాగితాల మీద వేసుకున్నారు. ఒకరు కాగితం మీద పడుకుంటే ఇంకొకరు చుట్టూ గీత గీస్తారు. ఆ గీత వెనకాలే, నీడలాగా, తనకి తోడున్న మనిషి ఆకారాన్ని ఇంకో రంగులో గీస్తారు. తర్వాత అరచేతి ముద్రలు, పాదాల ముద్రలు, ఒంటి మీది మచ్చలు, లోపలున్న వైరస్, తనకి బలం ఎక్కడుందనిపిస్తే అక్కడ ఒక గుర్తు. ఆంధ్రలో కూడా అదే కాలంలో హెచ్ఐవీ కేసులు చాలా ఎక్కువగా ఉండేవి. ఇక్కడా ఆ జబ్బు పేరు ఇంట్లో ఎత్తేవాళ్లు కాదు కాబట్టి ఆ పద్ధతి నాకు మన వాళ్ల కోసమే తయారైనట్టు అనిపిస్తుంది.

ఇంట్లో నిలువెత్తు బొమ్మతో మొదలుపెట్టొద్దు. ఆపరేషన్ అయినవాళ్లకి నేల మీద పడుకుని చెయ్యి చాపడం కష్టం, మనసుకి ఇంకా కష్టం. మొదట ఒక అరచెయ్యి చాలు. కాగితం మీద చెయ్యి పెట్టి చుట్టూ గీసుకుని, ఈ చెయ్యి ఈ ఏడాది ఏమేం చేసిందో లోపల రాయడమో గీయడమో. సూదులు పొడిపించుకుంది, సంతకాలు పెట్టింది, ఊడిన జుట్టు ఏరింది, మనవడికి అన్నం తినిపించింది. ఏదైనా సరే. అది అలవాటయ్యాక పిల్లల పుస్తకాలకి అట్టలేసే బ్రౌన్ పేపర్ రోల్ కొనుక్కుని, మూరెడు పొడవున మనిషి ఆకారం ఆవిడ చేతే గీయించండి. తల గుండ్రంగా లేకపోయినా, కాళ్లు వంకరగా వచ్చినా ఏం ఫర్వాలేదు. పాత పత్రికల్లోంచి కత్తిరించి అంటించొచ్చు, చీర అంచులు అంటించొచ్చు, బొట్టుబిళ్లలు పెట్టొచ్చు.

మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే ఒకావిడని, జబ్బు ఎక్కడుందో ఈ బొమ్మలో చూపించమంటే రొమ్ము దగ్గర ఏమీ పెట్టలేదు. రెండు కాళ్ల పొడుగునా బస్సు టికెట్లు అంటించారు. దాచిపెట్టిన టికెట్లన్నీ పర్సులో ఉన్నాయి. తెల్లవారుజామున బస్సెక్కడం, టోకెన్ కోసం నిలబడటం, డాక్టర్ రారని తెలిసి తిరిగి పోవడం, ఆవిడకి క్యాన్సర్ అంటే అదే. మందుల వల్ల కలిగిన బాధ గురించి మేం ఎన్నిసార్లు అడిగినా ‘బాగానే ఉందమ్మా’ అనేవారు, అబద్ధమూ కాదు. మేం అడగనిది కాళ్ల దగ్గర ఉంది. ఆ బొమ్మ చూశాక సోషల్ వర్కర్ ఆవిడ చెకప్ తేదీలన్నీ ఒకే రోజుకి కలిపించారు. బస్సు టికెట్లకి కౌన్సెలింగ్ ఏం చేస్తుంది చెప్పండి!

బొమ్మ డాక్టర్‌కీ పనికొస్తుంది. ఇంకొకరు పాదాల నిండా చీమలు గీశారు, మోకాళ్ల దాకా. అది కీమో మందు వల్ల నరాలు దెబ్బతిని వచ్చే తిమ్మిరి. పాక్లిటాక్సెల్ లాంటి మందులతో ఇది మామూలే. నోటితో ‘కాళ్లు లాగుతున్నాయి’ అంటే ముసలితనం అనుకుని వదిలేస్తారు, ఆ బొమ్మ చూశాక డాక్టర్ మందు మోతాదు మార్చారు. అమ్మగారు ఒప్పుకుంటేనే సుమా, చెకప్‌కి వెళ్లేటప్పుడు అలాంటిదొకటి ఫైల్లో పెట్టుకెళ్లండి.

మీకూ ఒక పని చెప్తాను. రిపోర్ట్ వచ్చిన రోజుని నాలుగు గడుల్లో వేయండి: వెళ్లేముందు, డాక్టర్ గదిలో, బయటికొచ్చాక, ఇంటికెళ్లాక. మనుషులు పుల్లల బొమ్మలైనా చాలు. జబ్బుల గురించి ఇలా కామిక్స్ వేయడానికి గ్రాఫిక్ మెడిసిన్ అని పేరు, 2007లో ఇయాన్ విలియమ్స్ అనే బ్రిటిష్ డాక్టర్ పెట్టాడు. ఇప్పుడది పెద్ద శాఖ అయింది. ఈ నాలుగు గడులూ మీరు వేసి, వీలైతే నాన్నగారి చేతా వేయించండి. ఆయన వేయనంటే వదిలేయండి. అమ్మగారు అడిగితే మీది చూపించండి. ఆ రోజు మీరు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చారని రాశారు కదా, ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలియదు. ఆ ఇంట్లో ముందు నోరు విప్పాల్సింది పేషెంట్ ఒక్కరేనని ఎక్కడుంది?

ఇక భయాల సంగతి. రాసిన రోజు, వేసిన రోజు మనసు కాసేపు బరువెక్కుతుంది. ఒక గంటో రెండు గంటలో దిగులుగా ఉండి తర్వాత తేరుకోవడం మామూలే, టెన్షన్ పడొద్దు. దీనికి పెన్నెబేకర్ చెప్పే నియమం నాకు చాలా ఇష్టం: ఈ విషయం రాస్తే తట్టుకోలేను అనిపిస్తే రాయొద్దు, వేరేది రాయండి, అంతే. పడుకోబోయే ముందు పెట్టుకోవద్దు. చెకప్‌కి ముందు వారం అసలే నిద్ర పట్టదు, అప్పుడు కొత్తగా ఏమీ తవ్వొద్దు. ఆ వారం పాత ముగ్గులు, పాటలు, కుట్టు చాలు.

ఒంటి విషయంలో కొన్ని జాగ్రత్తలు. చంకలో గ్రంథులు తీసేసి ఉంటే ఎడమ చేతికి వాపు వచ్చే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. ఆ చేతికి సూది గుచ్చుకోవడం, తెగడం మంచిది కాదు. కుట్టుపని చేస్తే వేలికి తొడుగు పెట్టుకోమనండి, గంటల తరబడి చేయనివ్వొద్దు, చెయ్యి బరువుగా అనిపిస్తే ఆపి ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి. వాకిట్లో వంగి ముగ్గు వేయడం ఇప్పుడే వద్దు. రేడియేషన్ తర్వాత పొడిదగ్గు ఉంటే పిండి దుమ్ము అస్సలు పడదు. టర్పెంటైన్, ఎనామిల్ పెయింట్ లాంటి ఘాటు వాసనలు కీమో రోజుల వికారాన్ని తిరిగి తెప్పిస్తాయి. వేళ్లు తిమ్మిరిగా ఉంటే సన్న పెన్నులు జారిపోతాయి, లావుపాటి క్రేయాన్లు కొనండి. కీమో అయ్యాక కొందరికి కొన్నాళ్లు మతిమరుపు, ధ్యాస నిలవకపోవడం ఉంటాయి, అందుకని చిన్న చిన్న పనులే పెట్టండి.

ఇంకొకటి, ఇది మీకు కాదు, చదివే మిగతావాళ్లకి. పేషెంట్‌కి జబ్బు పేరే చెప్పకుండా దాచిన ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటిచోట ‘అమ్మకి ఎంత తెలుసో బొమ్మ వేయించి కనుక్కుందాం’ అని ఈ పద్ధతులు వాడకండి. బొమ్మలో అంతా బయటపడితే తర్వాత ఏం చెప్తారు? ముందు డాక్టర్‌తో కూర్చుని, ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది తేల్చుకోండి.

రంగులూ ముగ్గులూ సరిపోని పరిస్థితి కూడా ఉంటుంది. రెండు వారాలకి మించి నిద్ర, తిండి తగ్గిపోవడం, ఇంతకుముందు ఇష్టమైనవేవీ పట్టకపోవడం, ‘నేను మీకు బరువైపోయాను’, ‘నేను పోతే మీకు సుఖం’ లాంటి మాటలు వస్తే అది డిప్రెషన్ కావచ్చు. సైకియాట్రిస్ట్‌కి చూపించాలి, మందులు అవసరమైతే వాడాలి. ఒక జాగ్రత్త, కొన్ని డిప్రెషన్ మందులకీ టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్రకీ పడదు. ఆవిడ వేసుకుంటున్న మాత్రల పేర్లన్నీ సైకియాట్రిస్ట్‌కి చూపించడం మర్చిపోవద్దు. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే టెలి మానస్ 14416కి చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత నంబరు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మీకూ పనికొస్తుంది.

వర్క్‌షాప్ గురించి. మీరు పంపిన కరపత్రం చూశాను. ‘రెండు రోజుల్లో మీలోని క్యాన్సర్ భయాన్ని చెరిపేయండి’ అని పెద్దక్షరాలతో ఉంది, అది నాకు నచ్చలేదు. బ్రిటన్‌లో ఆర్ట్ థెరపిస్ట్ అని పేరు పెట్టుకోవాలంటే చట్టప్రకారం రిజిస్టరై ఉండాలి. మన దగ్గర అంత కట్టుదిట్టం లేదు. వారాంతం కోర్సు చేసినవాళ్లూ, నిజంగా ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లూ ఒకే బోర్డు పెట్టుకుంటారు. డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగండి. ఎక్కడ నేర్చుకున్నారు, ఎంతకాలం, క్యాన్సర్ పేషెంట్లతో ముందు పనిచేశారా, మధ్యలో ఎవరైనా బాగా కుంగిపోతే అప్పుడు ఏం చేస్తారు, దగ్గర్లో సైకాలజిస్ట్ ఉంటారా. వేసిన బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయి, ఫొటోలు తీస్తారా, వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారా. ఈ చివరి ప్రశ్నకి నసిగితే వద్దు. వైద్యం మానమని గానీ, పాజిటివ్‌గా ఆలోచించనందుకే జబ్బు వచ్చిందని గానీ ఒక్కమాట అన్నా వద్దు.

నా మట్టుకు నన్నడిగితే, తెనాలి నుంచి ఆవిడని హైదరాబాద్‌కి రప్పించి కొత్తవాళ్ల మధ్య రెండు రోజులు కూర్చోబెట్టడం ఇప్పుడే వద్దు. ట్రీట్‌మెంట్ అయిన ఆస్పత్రిలోనే సైకో ఆంకాలజీ (క్యాన్సర్ పేషెంట్ల మనసు బాగోగులు చూసే) విభాగమో, పేషెంట్ల సపోర్ట్ గ్రూపో ఉందేమో చెకప్‌కి వెళ్లినప్పుడు అడగండి. కొన్నిచోట్ల ఉంటుంది, అడిగితే తప్ప చెప్పరు. ఫీజు డబ్బులు దాచి, వచ్చే శనివారం ఊరెళ్లేటప్పుడు ఒక గళ్ల నోట్‌బుక్, రెండు పెన్నులు పట్టుకెళ్లండి. వాటర్ కలర్ డబ్బా ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి. నోట్‌బుక్ ఆవిడ చేతికివ్వకుండా, మీరే ముందు కూర్చుని ఒక ముగ్గు మొదలుపెట్టండి. మీకు సరిగ్గా రాకపోతే ఇంకా మంచిది, చుక్కలు తప్పు పెట్టావని ఆవిడే లాక్కుంటారు.